యాత్రికునికి అభయం



మార్గశిరం ప్రవేశించిందంటే మన ఇళ్లలో ప్రయాణాల ప్రస్తావన మొదలవుతుంది. పిల్లలకు సెలవులు, విదేశాలనుండి వచ్చే బిడ్డలకు కొద్దివారాల వ్యవధి, పెద్దలకు ఎండబాధ తగ్గిన రోజులు. ఈ మూడూ కలిసివచ్చే కాలమిది. ఇటీవల అనేక కుటుంబాలు పుణ్యక్షేత్రాలతోపాటు మన తీరంలోని పాత రేవుపట్టణాలను కూడా చూడాలని ఉత్సాహపడుతున్నాయి. కళింగపట్నం, భీమునిపట్నం, కోరంగి, యానాం, మచిలీపట్నం, మోటుపల్లి వంటి ఊళ్ల పేర్లు మళ్లీ మన సంభాషణల్లో వినబడడం నాకెంతో సంతోషం కలిగిస్తున్నది.

అయితే ఆ ప్రయాణాలను మనం రూపొందించుకొనే పద్ధతి విషయంలో నాకు గట్టి అభ్యంతరం ఉన్నది. మనం ముందుగా చూడవలసిన స్థలాల పట్టిక వ్రాస్తాము. తరువాత ఆ పట్టికలోనికి మనుషులను ఇరికిస్తాము. ఇది తలక్రిందులైన పద్ధతి. బయలుదేరేవారిలో ఎవరి శరీరం అందరికంటె బలహీనమైనదో, ఆ శరీరమే యాత్రకు కొలత కావాలి. ఈ మాట నేను వైద్యగ్రంథాలలో చదివి చెప్పడం లేదు. నేను చేసిన తప్పునుండి నేర్చుకొని చెబుతున్నాను.

కొన్నేళ్ల క్రిందట జనవరి నెలలో మా అక్కయ్యను తీసుకొని తీరయాత్రకు బయలుదేరాము. అప్పటికి ఆమెకు డెబ్బై రెండేళ్లు. రక్తపోటు ఉన్నది, గుండె కొంత బలహీనపడింది. రోజూ ఉదయం వేసుకొనే మందులలో ఒంట్లో చేరే నీటిని మూత్రం ద్వారా బయటికి పంపే మాత్ర ఒకటి. మా మనుమడు ఫోనులో దారి గీసి, రెండు రోజులకు ఆరు చోట్లు నిర్ణయించాడు. విశాఖలో తెల్లవారుజామున బయలుదేరి, భీమిలి చూసుకొని, వెనుదిరిగి కాకినాడ చేరడం మొదటి రోజు. కోరంగి, యానాం మీదుగా రాత్రికి మచిలీపట్నం చేరడం రెండవ రోజు. నేను దానికి వైద్యుని హోదాలో ఆమోదముద్ర వేశాను. రక్తపోటు చూసే యంత్రం పెట్టెలో పెట్టాను. వారానికి సరిపడా మాత్రలను గదులున్న డబ్బాలో సర్దాను. సన్నాహం సంపూర్ణమైందని భావించాను.

రెండవ రాత్రి ఒంటిగంటకు అక్కయ్య నన్ను లేపింది. "పడుకోలేకపోతున్నానురా తమ్ముడూ, లేచి కూర్చుంటేనే ఊపిరి అందుతోంది" అన్నది. పాదాలు వాచి ఉన్నాయి. వీపుమీద స్టెతస్కోపు పెట్టి వింటే ఊపిరితిత్తుల అడుగుభాగాన నీరు చేరిన చప్పుడు స్పష్టంగా వినబడింది. ఇరవై నిమిషాలలో ఆస్పత్రికి చేర్చగలిగాము. ప్రాణవాయువు, ఒక ఇంజెక్షను. తెల్లవారేసరికి ఆమె తేరుకొన్నది.

ఆ ఉదయం మాత్రల డబ్బా తెరిచి చూశాను. రెండు రోజుల గదులలోనూ నీటిమాత్ర అలాగే ఉన్నది. ఎందుకు వేసుకోలేదని అడిగితే ఆమె తల వంచుకొని చెప్పిన సమాధానం నాకింకా వినబడుతూనే ఉన్నది. "అది వేసుకుంటే గంటకొకసారి వెళ్లవలసి వస్తుంది కదరా. కారులో ముగ్గురు మగవాళ్లున్నారు. దిగి ఎక్కడికి వెళ్లను? మాటిమాటికీ బండి ఆపమని ఎలా అడగను?"

నలభై ఏళ్ల వైద్యవృత్తిలో "మందులు వేసుకొంటున్నారా?" అని నేను ఎన్ని వేలమందిని అడిగి ఉంటానో లెక్కలేదు. "ఆ మందు వేసుకొన్న తరువాత మీకు వెళ్లడానికి చోటున్నదా?" అని ఒక్కరినైనా అడిగిన జ్ఞాపకం లేదు. మా ఆరు స్థలాల పట్టికలో డచ్చివారి సమాధులున్నాయి, మడ అడవులున్నాయి, దీపస్తంభమున్నది. మరుగుదొడ్డి ఒక్కటి కూడా లేదు.

ఇది మా ఇంటి కథ మాత్రమే కాదు. ప్రయాణమంటే ముందురోజు సాయంత్రంనుండే నీళ్లు మానివేసే స్త్రీలు మీ ఇంట్లోనూ ఉంటారు, అడిగి చూడండి. నీళ్లు తాగక, మూత్రం ఆపుకొని ప్రయాణించినవారికి తరువాత రెండు మూడు రోజులలో మంట, చలిజ్వరం రావడం మేము తరచుగా చూసేదే. వయసు మళ్లినకొద్దీ దాహం తక్కువగా తెలుస్తుంది. చలికాలంలో మరీ తక్కువ. నీరు తగ్గినప్పుడు ఆసనంమీదినుండి ఒక్కసారిగా లేచి నిలబడితే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. ప్రొస్టేటు గ్రంథి పెరిగిన మగవారి అవస్థ ఇంకొక రకం. వారు కూడా పైకి చెప్పరు. "నాకు ఓపిక లేదు, మీరు వెళ్లి రండి" అని కారులోనే కూర్చుంటారు. మనమేమో వారికి ఆసక్తి లేదనుకొంటాము.

కాలం ఎన్నుకోవడం

తీరంలో శీతాకాలమంటే ఏ నెల? కార్తికం కాగానే బయలుదేరాలని చాలామంది తొందరపడతారు. మన తీరపట్టణాల చరిత్రే ఇందుకు హెచ్చరిక. కోరంగి రేవును ధ్వంసం చేసిన తుపాను 1839 నవంబరులో వచ్చింది. మచిలీపట్నాన్ని సముద్రం ముంచి, సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకొన్నది 1864 నవంబరు 1వ తేదీ రాత్రి. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న. డిసెంబరు మొదటి వారం కూడా పూర్తిగా నిర్భయం కాదు. 2023లో మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపాన తీరం దాటింది డిసెంబరు 5న. కనుక పెద్దలతో వెళ్లేవారు డిసెంబరు ద్వితీయార్ధంనుండి ఫిబ్రవరి మొదటి వారాల వరకు ఉన్న కాలాన్ని ఎంచుకోవడం మేలు. అప్పుడు కూడా బయలుదేరే ముందు వాతావరణ శాఖ ప్రకటన చూడడం మరువకండి. సంక్రాంతికి ముందు వెనుకల నాలుగైదు రోజులు రోడ్లమీద రద్దీ విపరీతంగా ఉంటుంది, వాటిని వదిలివేయండి.

తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరడం మనవారికొక వ్రతం. శీతాకాలంలో దీన్ని మానుకోవాలని నా మనవి. కృష్ణా, గోదావరి డెల్టాలలో జనవరి ఉదయాలు మంచు కమ్ముకొని ముందున్న లారీ కనబడని స్థితి ఉంటుంది. నిద్రలేని డ్రైవరు, ఆగి ఉన్న లారీ, పొగమంచు. ఈ మూడూ కలిసిన చోట ఏ వైద్యమూ పనిచేయదు. చలికి రక్తనాళాలు ముడుచుకొని రక్తపోటు పెరుగుతుంది. గుండెపోట్లు ఉదయపు వేళల్లోనే ఎక్కువగా వస్తాయి. ఉబ్బసం ఉన్నవారికి ఆ చల్లగాలి దగ్గును రేపుతుంది. ఎండ పొడ వచ్చిన తరువాత, ఫలహారం చేసి, మందులు వేసుకొని, ఎనిమిదింటికి బయలుదేరితే చరిత్రకు కలిగే నష్టమేమీ లేదు. ఆ సమాధులు మూడువందల ఏళ్లుగా అక్కడే ఉన్నాయి. ఇంకో నాలుగు గంటలు ఆగగలవు.

ఒక ఊరు, రెండు రాత్రులు

"సెలవు మూడురోజులే కదా నాన్నా, వచ్చినప్పుడే అన్నీ చూసేద్దాం" అని పిల్లలు అంటారు. వారి బాధ నాకు తెలుసు. మళ్లీ ఎప్పుడు వస్తారో వారికే తెలియదు. అమ్మానాన్నలకు అన్నీ చూపించాలన్న ప్రేమే ఆ తొందరకు మూలం. అందుకే దాన్ని కోపంతో త్రోసివేయలేము. కాని లెక్క చూడండి. కత్తిపూడినుండి ఒంగోలు వరకు కాకినాడ, అమలాపురం, మచిలీపట్నం, బాపట్లల మీదుగా సాగే 216వ జాతీయ రహదారి మన పాత రేవులలో చాలావాటిని కలుపుతుంది. దారి ఉన్నది కదా అని అంతా ఒక ఊపులో తిరిగితే పెద్దవారు రోజుకు ఏడెనిమిది గంటలు కాళ్లు వ్రేలాడదీసుకొని కూర్చోవలసి వస్తుంది. అలా కదలక కూర్చున్నప్పుడు పాదాలకు నీరు దిగుతుంది. కొందరిలో పిక్కల లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉన్నది. తిరిగివచ్చిన తరువాత ఒక్క కాలు మాత్రమే వాచి నొప్పి పెడితే దాన్ని ప్రయాణపు బడలిక అని తేలికగా తీసుకోవద్దు.

నా సలహా ఇది. పెద్దలతో వెళ్లినప్పుడు ఒక ఊరు ఎంచుకోండి, అక్కడ రెండు రాత్రులు ఉండండి. రోజుకు మూడు గంటలకు మించి వాహనంలో కూర్చోబెట్టకండి. ప్రతి గంటన్నరకు ఒకసారి, ఎవరూ అడగకపోయినా, బండి ఆపండి. "అడగకపోయినా" అన్న మాట ముఖ్యం. అడగవలసి వస్తే మా అక్కయ్యలాంటివారు అడగరు.

ఒక్క ఊరిలో రెండు రోజులు ఏమి చూస్తామని అనుకోకండి. విశాఖకు పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న భీమునిపట్నంలో డచ్చివారి సమాధులు, దీపస్తంభం, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు ఉన్నాయి. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరది. దారిలో తొట్లకొండ, బావికొండలమీద బౌద్ధారామాల శిథిలాలున్నాయి. మచిలీపట్నంలో దిగితే బందరుకోట, డచ్చివారి సమాధులు, మంగినపూడి తీరం. పక్కనే పెడనలో కలంకారీ అద్దకం. కొంచెం ఇవతల ఘంటసాలలో ప్రాచీన బౌద్ధస్తూపం. 1611లో ఇంగ్లీషువారి నౌక వచ్చి ఆగిన రేవు అది. కాకినాడలో బస చేస్తే కోరంగి మడ అడవులు ఒక పూట, 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాం ఒక పూట చూడవచ్చు. శ్రీకాకుళంలో ఉంటే వంశధార ముఖద్వారాన కళింగపట్నం, సమీపాన శాలిహుండం. ఎక్కడికక్కడ రెండు రోజులకు నిండైన యాత్ర.

ఈ స్థలాలలో కొన్నింటికి ఎత్తు ఎక్కాలి, మెట్లుంటాయి. ఇంటివద్ద ఒక అంతస్తు మెట్లు ఆగకుండా ఎక్కలేనివారు యాత్రలో ఎక్కగలరని ఆశించకండి. క్రింద నీడలో కూర్చోవడానికి చోటు చూసి, వారితో ఒకరు ఉండి, మిగిలినవారు వెళ్లి రావడంలో అవమానమేమీ లేదు. ఆ తోడుండే పనిని వంతులవారీగా చేసుకోండి. ప్రతిసారీ కోడలికే అప్పగించకండి.

మందులు, తిండి, పాదాలు

నీటిమాత్రలు వాడేవారు ప్రయాణం పేరుతో వాటిని సొంతంగా మానకూడదు. బయలుదేరడానికి వారం ముందే మీ వైద్యుని కలిసి, ప్రయాణపు రోజున ఆ మాత్రను ఏ వేళకు జరపవచ్చునో అడగండి. ఉదయం మాత్రను బస చేరిన తరువాత వేసుకొనే వీలు చాలామందికి ఉంటుంది. అది మీకు వర్తిస్తుందో లేదో మీ వైద్యుడే చెప్పాలి. ద్రవాలు పరిమితంగా తీసుకోమని వైద్యుడు చెప్పినవారు ఆ హద్దును పాటించాలి. మిగిలినవారు గుక్కెడు గుక్కెడుగా నీళ్లు తాగుతూనే ఉండాలి. తీరంలో డిసెంబరులో కూడా మధ్యాహ్నం చెమట పడుతుందన్నది మరువరాదు.

మందులన్నీ చేతిసంచిలో ఉండాలి, డిక్కీలోని పెట్టెలో కాదు. రెండు మూడు రోజులకు ఎక్కువగానే తీసుకువెళ్లండి. మందుల చీటీ ఫొటో ఇద్దరి ఫోన్లలో ఉండాలి. ఇన్సులిన్ వాడేవారు దాన్ని ఎండలో నిలిపిన కారులో వదలకూడదు. నేరుగా మంచుగడ్డకు తాకించనూ కూడదు. ఇన్సులిన్ వేసుకొన్న తరువాత "ఇంకో అరగంటలో హోటలు వస్తుంది" అన్న మాటను నమ్మకండి. భోజనం కళ్లముందు కనబడిన తరువాతనే ఇంజెక్షను. జేబులో నాలుగు గ్లూకోజు బిళ్లలో, చక్కెర పొట్లమో తప్పనిసరి.

ఉప్పు విషయంలో మాకు జరిగిన రెండవ పొరపాటు చెప్పాలి. రెండు రోజులూ హోటలు సాంబారు, ఇంటినుండి తెచ్చిన ఆవకాయ, దారిలో కొన్న కారపు వస్తువులు. మాత్ర మానడం ఒకవైపు, ఉప్పు పెరగడం మరొకవైపు. నీరు ఊపిరితిత్తులకు చేరడానికి ఆ రెండూ చాలినవి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఇడ్లీకి పచ్చడి తగ్గించుకొని, పెరుగన్నానికి ఊరగాయ మానుకొంటే చాలావరకు గట్టెక్కుతారు. బందరు వెళ్లి తొక్కుడు లడ్డు తినవద్దంటే నన్ను ఎవరూ క్షమించరు. చక్కెరవ్యాధి ఉన్నవారు ఒక ముక్క రుచి చూడండి, పెట్టె మనుమలకివ్వండి.

చక్కెరవ్యాధి వల్ల పాదాలలో స్పర్శ తగ్గినవారు ఇసుకలో చెప్పులు లేకుండా నడవరాదు. గవ్వ గుచ్చుకొన్నా, మధ్యాహ్నపు ఇసుక కాల్చినా వారికి తెలియదు. నెల తరువాత మానని పుండుతో మా దగ్గరకు వస్తారు. అలలలోనికి దిగాలన్న కోరిక కలిగితే అక్కడి మత్స్యకారులను అడగండి. వారు వద్దన్న చోట చీలమండ కూడా తడపకండి. ఛాతీలో బరువు, చల్లని చెమట, ఊపిరాడకపోవడం, మాట తడబడడం, మూతి వంకర పోవడం. వీటిలో ఏది కనబడినా "బసకు వెళ్లి పడుకొంటే తగ్గుతుంది" అని కాలయాపన చేయక వెంటనే 108కి ఫోను చేయండి.

ఊళ్లు ఇవ్వవలసిన అభయం

ఇంతవరకు కుటుంబాల బాధ్యత చెప్పాను. బాధ్యత అంతా కుటుంబాలదే అనడం న్యాయం కాదు.

చీరాలకు దక్షిణాన, నేటి బాపట్ల జిల్లాలో మోటుపల్లి ఉన్నది. కాకతీయుల కాలంలో అది పేరెన్నికగన్న రేవు. అక్కడ 1244లో గణపతిదేవుడు వేయించిన శాసనాన్ని మనం అభయశాసనమంటాము. తుపానుకు చిక్కి, దారి తప్పి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని సర్వస్వాన్నీ పూర్వపు రాజులు స్వాధీనం చేసుకొనేవారు. ప్రాణాలకు తెగించి సముద్రంమీద తిరిగేవారికి ధనం ప్రాణంకంటె మిన్న కనుక, నియమితమైన సుంకం తప్ప మరేదీ తీసుకోబోమని గణపతిదేవుడు హామీ ఇచ్చాడు. ఎక్కడినుండో వచ్చే అపరిచితుని భయమేమిటో ఊహించి, దాన్ని రాతిమీద తొలగించిన పాలకుడతడు.

నేడు ఆ తీరానికి వచ్చే యాత్రికుని భయమేమిటి? ఓడ మునుగుతుందని కాదు. ఎక్కడ దిగాలి, ఎక్కడ కూర్చోవాలి, ఎక్కడికి వెళ్లాలి అన్నదే. నీళ్లు వచ్చే, లోపల గడియ పడే, తాళం వేయని ఒక మరుగుదొడ్డి, దానిలో మోకాళ్లు వంగనివారికి కుర్చీ వంటి అమరిక, పట్టుకొని లేవడానికి ఒక కడ్డీ, నీడలో ఒక బల్ల, తాగునీరు. ఒక చారిత్రక స్థలానికి ఇవి చాలు. రంగురంగుల దీపాలు, పేరు వ్రాసిన పెద్ద అక్షరాల ముందు ఫొటోలు దిగే వేదికలు వీటి తరువాతివి. పాత కట్టడాలను కాపాడడమెంత అవసరమో, వాటిని చూడవచ్చే ముసలివారి మర్యాదను కాపాడడమూ అంతే అవసరం. పురపాలక సంఘాలకు, పర్యాటక శాఖకు వ్రాయవలసివచ్చినప్పుడు వీటినే మొదట అడగండి. నేను కూడా వ్రాస్తున్నాను.

కిందటి శీతాకాలం అక్కయ్యను మళ్లీ తీసుకువెళ్లాను. ఈసారి భీమిలి ఒక్కటే, రెండు రాత్రులు. మాత్ర వేళను ఆమె వైద్యుని అడిగి మార్పించుకొన్నాము. దారిలో ఆగే రెండు చోట్లు ముందే నిర్ణయించుకొన్నాము. సాయంత్రం డచ్చివారి సమాధుల మధ్య నిలబడి, కోసుగా పైకి లేచిన ఆ కట్టడాలను చూస్తూ, "వీళ్లంతా ఇంతదూరం వచ్చి దేనితో పోయారురా?" అని అడిగింది. ఆ రోజుల్లో తీరానికి వచ్చిన ఐరోపావారిలో ఎంతోమందిని జ్వరాలు, విరేచనాలు తీసుకుపోయాయని చెప్పాను. కాసేపు ఊరుకొని, "పాపం, వాళ్లకు కూడా చూసుకొనేవాళ్లు లేకపోయారన్నమాట" అన్నది.

మరునాడు ఉదయం ఎండలో కూర్చొని గోస్తనీ సముద్రంలో కలిసే చోటు గంటసేపు చూసింది. మధ్యలో ఒకసారి, ఏ సంకోచమూ లేకుండా, "ఒరేయ్, బసకు పోయి వద్దాం పద" అన్నది. వెళ్లి వచ్చాము. మళ్లీ అదే చోట కూర్చున్నది. ఆరు ఊళ్లు తిరిగిన ఆ యాత్రలో ఏమి చూశావని అడిగితే ఆమెకు ఆస్పత్రి పైకప్పు తప్ప ఏమీ జ్ఞాపకం లేదు. ఈ ఒక్క ఊరి గురించి మాత్రం ఇంటికి వచ్చినవారందరికీ నేటికీ చెబుతూనే ఉన్నది.

ఈ శీతాకాలంలో మీరు పట్టిక వ్రాయడానికి కూర్చున్నప్పుడు మొదటి వరుసలో ఊరి పేరు వ్రాయకండి. మీతో వచ్చే పెద్దవారి పేరు వ్రాయండి. వారి పక్కన కూర్చొని, "దారిలో నీకు ఏమి ఇబ్బంది?" అని ఒకసారి అడగండి. వెంటనే చెప్పరు. రెండవసారి అడగండి.